తిలాపాపంలో ఎవరి పిడికెడు ఎంత?

2017 మే 10న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక వ్యాసం వచ్చింది. రాసినాయన లండన్‌లో పనిచేసే నాడీవ్యాధుల వైద్యుడు, పేరు కృష్ణ చింతపల్లి. ఆ ఇంటిపేరు మనకు పరాయిగా తోచదు. కంప్యూటర్లకు తాళం బిగించి డబ్బు గుంజే ముఠాల కన్ను ఆసుపత్రుల మీద పడిందనీ, బ్రిటన్ ఆసుపత్రులు మేలుకోవాలనీ ఆయన హెచ్చరించారు. రెండు రోజులు గడిచాయి. మే 12, శుక్రవారం మధ్యాహ్నం ఇంగ్లండ్ ఆసుపత్రుల్లో ఒకటొకటిగా కంప్యూటర్ తెరలు ఎర్రబడ్డాయి. ఫైళ్లకు తాళం పడింది, 300 డాలర్ల బిట్‌కాయిన్ పంపితే తీస్తాం, మూడు రోజులు దాటితే 600, వారం దాటితే ఫైళ్ల మీద ఆశ వదులుకోండి అన్నది తెర మీద రాతల సారాంశం. అప్పటి మారకం రేటులో 300 డాలర్లంటే దాదాపు 19 వేల రూపాయలు. ఓ మోస్తరు సెల్‌ఫోన్ ధర.

ఆ రాన్సమ్‌వేర్ పేరు వాన్నాక్రై. రోజు గడిచేసరికి వందకు పైగా దేశాల్లో రెండు లక్షలకు మించి కంప్యూటర్లు దాని వాత పడ్డాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా అందులో ఉన్నాయి. అయినా ఆ వారం ప్రపంచమంతా చెప్పుకున్నది బ్రిటన్ ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్ గురించే. దెబ్బ తగిలింది జబ్బు మనుషులకు కాబట్టి. తప్పెవరిదన్న ప్రశ్న ఆ సాయంత్రమే మొదలైంది. జవాబులు మాత్రం దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు, విచారణ నివేదికల రూపంలో తీరిగ్గా వచ్చాయి. వాటిలో మాటల కన్నా అంకెలే ఎక్కువ నిజం చెబుతాయి.

ముందు నష్టం లెక్క. ఇంగ్లండ్‌లో ఆసుపత్రులను నడిపే ట్రస్టులు అప్పుడు 236. దాడి దెబ్బ పడింది 80 ట్రస్టుల మీద. ఇందులో కంప్యూటర్లకు నిజంగా తాళం పడినవి 34. మిగతా 46 ట్రస్టులకు రోగం సోకలేదు, భయం సోకింది. ఎందుకైనా మంచిదని కేబుళ్లు పీకేసి, నెట్‌వర్క్ నుంచి తమను తాము వెలివేసుకున్నాయి. రోగికి మాత్రం రెండూ ఒకటే: ఎక్స్‌రే తెర మీదికి రాదు, రక్తపరీక్ష ఫలితం అందదు. కుటుంబ వైద్యుల క్లినిక్కులు మరో 595 చిక్కుకున్నాయి. స్కానింగ్ లాంటి పరీక్షా యంత్రాలు 1,220 దెబ్బతిన్నాయి, అది మొత్తంలో 1 శాతమే. ఒక్క వారంలో రద్దయినట్టు నిర్ధారణ అయిన అపాయింట్‌మెంట్లు 6,912. అసలు సంఖ్య 19 వేలు దాటుతుందని అంచనా. క్యాన్సర్ అనుమానంతో అత్యవసరంగా చూపించుకోవలసిన 139 మంది ఈ రద్దుల్లో ఉన్నారు. అయిదు ప్రాంతాల్లో ఎమర్జెన్సీ రోగులు వేరే ఆసుపత్రి వెతుక్కుంటూ దూరం వెళ్లారు.

డబ్బు లెక్క ఇంకా విడ్డూరం. బ్రిటన్ ఆరోగ్య శాఖ 2018లో వేసిన అంచనా ప్రకారం ఎన్‌హెచ్‌ఎస్‌కు పోయింది 9.2 కోట్ల పౌండ్లు, మన లెక్కలో 750 కోట్ల రూపాయల పైమాటే. దాడి నడిచిన వారంలో నష్టం 2 కోట్ల పౌండ్లయితే, తర్వాత రెండు నెలలు వ్యవస్థలను మళ్లీ నిలబెట్టుకోవడానికి అయినది 7.2 కోట్లు. మరి దొంగలకు దక్కిందెంత? ప్రపంచమంతటి నుంచీ వచ్చిన సొమ్ము మూడు బిట్‌కాయిన్ ఖాతాల్లో పడింది. ఆగస్టులో వాటిని ఖాళీ చేసే నాటికి దాని విలువ 1.4 లక్షల డాలర్ల దగ్గర ఉంది. ఎన్‌హెచ్‌ఎస్ నుంచి ఒక్క పెన్నీ వెళ్లలేదు. ఇల్లు కాల్చి బొగ్గులమ్ముకోవడం అంటారే, అచ్చంగా అది.

మరణాల సంగతి కూడా చెప్పాలి. ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు ఆ వారం ఆసుపత్రి రికార్డులను జల్లెడ పట్టి 2019లో ఒక అధ్యయనం ప్రచురించారు. దాడి వల్ల మరణాల రేటు పెరిగిన దాఖలా వాళ్లకు కనపడలేదు. అది నిజమైన ఊరట. కాకపోతే ఆ ఊరటలో ఎక్కువ వాటా అదృష్టానిది. శుక్రవారం మధ్యాహ్నం మొదలైన ఈ గొడవకు ఆ రాత్రికే కళ్లెం పడింది. వేసినవాడు పశ్చిమ ఇంగ్లండ్‌లో డెవన్ తీరాన ఉండే 22 ఏళ్ల కుర్రవాడు, మార్కస్ హచిన్స్. వాన్నాక్రై ప్రతి కంప్యూటర్‌లోనూ పని మొదలెట్టే ముందు ఒక అర్థం పర్థం లేని వెబ్ చిరునామాకు పలకరింపు పంపుతోందని ఆయన గమనించాడు. ఆ చిరునామా ఎవరి పేరునా లేదు. 10.69 డాలర్లు పెట్టి దాన్ని తన పేర రిజిస్టర్ చేయించాడు. అటునుంచి జవాబు రావడం మొదలుకాగానే ఆ పురుగు ఎక్కడిదక్కడ నిద్రపోయింది. 750 కోట్ల నష్టం ఇంకా పెరగకుండా ఆపింది ఓ ఏడొందల రూపాయల ఖర్చు అంటే అతిశయోక్తి కాదు. ఈ హచిన్స్‌నే మూడు నెలల తర్వాత అమెరికాలో అరెస్టు చేశారు. టీనేజీలో బ్యాంకు ఖాతాలు కొల్లగొట్టే సాఫ్ట్‌వేర్ రాశాడన్నది కేసు. నేరం ఒప్పుకున్నాడు, 2019లో కోర్టు జైలు లేకుండా వదిలింది. అది వేరే కథ.

ఇక తిలాపాపం పంపకం. మొదటి పిడికెడు వాన్నాక్రైని రాసినవాడిది, అందులో తగవు లేదు. 2017 డిసెంబరులో అమెరికా, బ్రిటన్ రెండూ ఉత్తర కొరియాకు చెందిన లాజరస్ ముఠా పేరు బయటపెట్టాయి. 2018 సెప్టెంబరులో అమెరికా న్యాయశాఖ పార్క్ జిన్ హ్యోక్ అనే ఉత్తర కొరియా ప్రోగ్రామర్ మీద అభియోగాలు ప్రకటించింది, 2021లో మరో ఇద్దరిని చేర్చింది. ఉత్తర కొరియా కాదంది. అభియోగం ముగ్గురి మీద ఉంది, బోనెక్కినవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

రెండో పిడికెడు కొంచెం ఇబ్బందికరమైన చోట ఉంది. వాన్నాక్రై ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకడానికి వాడిన కిటుకు పేరు ఎటర్నల్‌బ్లూ. అది దొంగలు తయారుచేసింది కాదు. అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ తన గూఢచర్యానికి దాచుకున్న ఆయుధమది. షాడో బ్రోకర్స్ అని పిలుచుకునే గుంపు దాన్ని 2017 ఏప్రిల్ 14న అంగట్లో పెట్టింది. దాడికి ముందు సరిగ్గా 28 రోజులు. అది వాడుకున్న లోపం మైక్రోసాఫ్ట్ కంపెనీ విండోస్‌లోది. ఆ కంపెనీ అధ్యక్షుడు బ్రాడ్ స్మిత్ మే 14న ఎన్‌ఎస్‌ఏ మీద బహిరంగంగానే విరుచుకుపడ్డారు. సైన్యం చేతిలోంచి టోమహాక్ క్షిపణులు చోరీ అయితే ఎంత ఘోరమో ఇదీ అంతేనన్నారు. మాటలో న్యాయముంది. లోపం తెలిసిన ప్రభుత్వం దాన్ని కంపెనీకి చెప్పకుండా దాచుకుంటే, ఆ లోపం ఉన్న ప్రతి ఆసుపత్రినీ తన అవసరానికి తాకట్టు పెట్టినట్టే.

కానీ అదే కంపెనీ ఆ వారంలో ఇంకో పని కూడా చేసింది. విండోస్ ఎక్స్‌పీకి ఉచిత సేవలు 2014 ఏప్రిల్‌లో ఆగిపోయాయి. ఆ తర్వాత రక్షణ కావాలంటే విడిగా డబ్బు కట్టాల్సి వచ్చేది. దాడి మొదలైన గంటల్లోనే ఎక్స్‌పీకి కూడా ప్యాచ్‌ను, అంటే లోపాన్ని పూడ్చే అతుకును, అందరికీ ఉచితంగా ఇచ్చేసింది. అంత త్వరగా ఇవ్వగలిగిందంటే అది అప్పటికే తయారై ఉందన్నమాట, డబ్బు కట్టనివారికి అందలేదంతే. దీన్ని కూడా ఒక చిన్న పిడికెడుగా లెక్క కట్టాల్సిందే.

ఇక్కడ జనంలో పాతుకుపోయిన రెండు అపోహలు తీసేయాలి. ఎవరో నర్సు ఈమెయిల్‌లో వచ్చిన లింకు నొక్కింది, అందుకే ఇదంతా అన్నది మొదటిది. ఎవరూ ఏమీ నొక్కలేదు. ఆఫీసులో ఒక కంప్యూటర్ ఫైళ్లు ఇంకో కంప్యూటర్‌లో కనపడాలన్నా, అందరూ ఒకే ప్రింటర్ వాడుకోవాలన్నా విండోస్ ఒక దారి తెరిచి పెడుతుంది. ఆ దారి ఇంటి లోపలి గదుల మధ్య ఉండాలి. కొన్ని చోట్ల వీధి వైపు, అంటే ఇంటర్నెట్ వైపు కూడా తెరిచి ఉంది. వాన్నాక్రై ఆ వీధి తలుపులోంచే వచ్చి, లోపల గది నుంచి గదికి తనంతట తానే పాకింది. వార్డులో పనిచేసే మనిషి మీద తప్పు నెట్టడం ఎప్పుడూ సులువే, ఈసారి మాత్రం ఆ ఆటకు ఆధారం లేదు.

రెండో అపోహ ఎక్స్‌పీ. ఆ వారం పత్రికలన్నీ ముసలి ఎక్స్‌పీని తిట్టిపోశాయి. నిజానికి అప్పటికి ఎన్‌హెచ్‌ఎస్ కంప్యూటర్లలో ఎక్స్‌పీ వాటా 5 శాతం లోపే. ప్రపంచవ్యాప్తంగా సోకిన యంత్రాల్లో 98 శాతం విండోస్ 7వేనని కాస్పర్‌స్కీ సంస్థ తేల్చింది. విండోస్ 7కు అప్పుడు ఉచిత సేవలు నడుస్తూనే ఉన్నాయి. ప్యాచ్ 2017 మార్చి 14న వచ్చింది. మార్చి 14 నుంచి మే 12 దాకా లెక్కపెడితే 59 రోజులు. మందు అలమారలో ఉంది, ఎవరూ తీసి వేయలేదు.

ఎందుకు వేయలేదు? దీనికి సోమరితనం అనే ఒక్క మాట చాలదు. ఇంట్లో కంప్యూటర్ అప్‌డేట్ కావాలంటే ఆపి, ఆన్ చేస్తాం. ఇరవై నాలుగు గంటలూ నడిచే ఐసీయూలో ఏ ఘడియలో ఆపాలి? స్కానింగ్ యంత్రం పదేళ్లకు పైగా పనిచేస్తుందని కొంటారు, దాని కడుపులో ఉన్న విండోస్ ఆయుష్షు అంతకన్నా ముందే తీరుతుంది. దాని మీద ఆసుపత్రి వాళ్లు చెయ్యి వేయడానికి కూడా లేదు. యంత్రం అమ్మిన కంపెనీ పరీక్షించి సరేనంటే తప్ప ప్యాచ్ వేయకూడదు, వేస్తే గ్యారంటీ పోతుంది. ఆసుపత్రి కంప్యూటర్ విభాగంలో కూర్చున్న మనిషి వైపు నుంచి చూస్తే, ప్యాచ్ వేశాక సాఫ్ట్‌వేర్ మొరాయిస్తే తిట్లు రేపే పడతాయి. వేయకపోతే ఏమవుతుందో ఎప్పుడో గానీ తెలియదు. పాపం, అతను ఏది ఎంచుకుంటాడో ఊహించడం కష్టం కాదు.

అయితే యంత్రాన్ని ముట్టుకోలేనప్పుడు కూడా వీధి తలుపు మూయవచ్చు. ఇంటర్నెట్ వైపు ఫైర్‌వాల్ సరిగా పెట్టుకుని ఉంటే, ప్యాచ్ లేకున్నా ఈ దాడి ఆగేదని విచారణలో తేలింది. అంచేత ట్రస్టుల పిడికెడు ట్రస్టులదే. దాన్ని కాదనలేం.

నా దృష్టిలో అసలు పెద్ద పిడికెడు ఇంకా పైన ఉంది. మన కాగ్ లాంటి వాళ్ల నేషనల్ ఆడిట్ ఆఫీస్ 2017 అక్టోబరులో ఇచ్చిన నివేదికను తేదీల వరసలో చదివితే అది తెలుస్తుంది. 2014లో ఆరోగ్య శాఖ, కేబినెట్ ఆఫీసు కలిసి ట్రస్టులకు ఉత్తరం రాశాయి: 2015 ఏప్రిల్‌కల్లా పాత సాఫ్ట్‌వేర్ వదిలించుకునే ఏర్పాట్లు చేసుకోండి అని. ఆ మధ్యకాలం కోసం ప్రభుత్వం మైక్రోసాఫ్ట్‌కు 55 లక్షల పౌండ్లు కట్టి ఎక్స్‌పీ రక్షణ ఒక ఏడాది కొనుక్కుంది, మరుసటి ఏడాది పొడిగించలేదు. 2016 జులైలో రెండు అధికారిక నివేదికలు సైబర్ ముప్పు గురించి హెచ్చరించాయి. వాటికి ఆరోగ్య శాఖ లాంఛనంగా జవాబిచ్చింది 2017 జులైలో, ఏడాది తర్వాత, అంటే ఇల్లు కాలాక. 2017 మార్చిలో, ఏప్రిల్‌లో ఎన్‌హెచ్‌ఎస్ డిజిటల్ అనే కేంద్ర విభాగం ఈ ప్యాచ్ వెంటనే వేయండంటూ అందరికీ హెచ్చరికలు పంపింది.

ఇన్ని ఉత్తరాల్లో ఎక్కడా లోటు లేదు. లేనిదల్లా ఒక చిన్న ప్రశ్న: చేశారా? ట్రస్టులు చెప్పింది చేశాయో లేదో తెలుసుకునే పద్ధతి మే 12 దాకా ఆరోగ్య శాఖ దగ్గర లేనేలేదని ఆడిట్ వాళ్లు రాశారు. అంతకన్నా ఘోరం, కొంత తెలిసి ఉండటం. ఎన్‌హెచ్‌ఎస్ డిజిటల్ దాడికి ముందే 236 ట్రస్టుల్లో 88 చోట్లకు స్వయంగా వెళ్లి భద్రత తనిఖీ చేసింది. పాసైనవి ఎన్ని? సున్నా. అరవై పాసై ఇరవై ఎనిమిది ఫెయిలైతే ఆ ఇరవై ఎనిమిది చోట్ల మేనేజర్లను నిలదీయవచ్చు. ఎనభై ఎనిమిదికి ఎనభై ఎనిమిదీ ఫెయిలైతే తప్పు పిల్లలదా, బడిదా? పైగా తనిఖీ చేసిన ఎన్‌హెచ్‌ఎస్ డిజిటల్‌కు సరిదిద్దమని ఆదేశించే అధికారం లేదు. అధికారం ఉన్న శాఖ తనిఖీకి వెళ్లలేదు. డబ్బు సంగతి చూస్తే, 2016-17లో భవనాలకూ యంత్రాలకూ ఉద్దేశించిన పద్దులోంచి 120 కోట్ల పౌండ్లు తీసి రోజువారీ ఖర్చులకు మళ్లించారు. కొత్త కంప్యూటర్ కొనాల్సిన డబ్బు జీతాలకూ మందులకూ పోయింది. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం.

దాడి రోజున ఈ ఖాళీ అందరికీ కనపడింది. ఇలాంటిది జరిగితే ఏం చేయాలన్న ప్రణాళిక ఆరోగ్య శాఖ దగ్గర ఉంది, స్థానికంగా ఒక్కసారైనా రిహార్సల్ చేయలేదు. ఎవరికి ఫోన్ చేయాలో ట్రస్టులకు తెలియక ఒకరు పోలీసులకు, ఇంకొకరు ఇంకెవరికో చేశారు. ఈమెయిల్ మూగబోయింది. చివరికి దేశ ఆరోగ్య యంత్రాంగం ఉద్యోగుల సొంత ఫోన్లలోని వాట్సాప్ మీద నడిచింది.

ఇదంతా ఒక్క దేశం అజాగ్రత్త అనుకుంటే పక్కనే ఐర్లండ్ ఉంది. నాలుగేళ్లు గడిచాక, ఇంచుమించు అదే తేదీకి, 2021 మే 14న అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ హెచ్‌ఎస్‌ఈ మీద కాంటి ముఠా విరుచుకుపడింది. ఈసారి తలుపు నిజంగానే ఈమెయిలే. మార్చి 18న ఒక ఉద్యోగి ఎక్సెల్ ఫైలు తెరిచారు. ముఠా లోపల 57 రోజులు తీరిగ్గా తిరిగింది. మార్చి 31న యాంటీవైరస్ దాన్ని పసిగట్టింది కూడా, కానీ దాన్ని చూసి ఊరుకునే పద్ధతిలో అమర్చారు, ఆపే పద్ధతిలో కాదు. కాపలా కుక్క మొరిగింది, గొలుసు విప్పలేదు. ఆ సంస్థ కంప్యూటర్లు 70 వేలకు పైగా, అందులో 30 వేలు గడువు తీరిన విండోస్ 7వి. దేశమంతటి ఆసుపత్రుల్లో కాగితం, కలం మళ్లీ బయటికొచ్చాయి. డబ్బిచ్చేది లేదని ప్రభుత్వం తెగేసి చెప్పింది. వారం తిరక్కుండానే ముఠా తాళంచెవి ఊరికే ఇచ్చేసింది. అయినా సర్వర్లన్నీ తెరుచుకునేసరికి సెప్టెంబరు 21. తాళంచెవి చేతిలో ఉన్నా నాలుగు నెలలు. తర్వాత విచారించిన పీడబ్ల్యూసీ నివేదికలో నన్ను ఆపిన వాక్యం టెక్నాలజీ గురించి కాదు: ఇంత పెద్ద సంస్థలో పై స్థాయిలో సైబర్ భద్రతకు ఫలానా వారు బాధ్యులు అని చెప్పడానికి ఒక్క మనిషి లేడు.

మన దేశంలో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు 2022 నవంబరు 23న కూలాయి. 5 సర్వర్లు, 1.3 టెరాబైట్ల సమాచారం. రెండు వారాలు ఓపీ చీటీలు చేత్తో రాశారు. దీని మీద పార్లమెంటులో ప్రభుత్వం ఇచ్చిన జవాబును వ్యాకరణం కోసమైనా చదవాలి. నెట్‌వర్క్ విభజన సరిగా లేకపోవడం వల్ల గుర్తుతెలియని వ్యక్తులు చొరబడ్డారని దాని తాత్పర్యం. గదుల మధ్య తలుపులు లేని ఇల్లు కట్టారని ఒప్పుకున్నట్టే. కానీ వాక్యంలో చొరబడినవారికైనా 'గుర్తుతెలియని' అనే విశేషణం దొరికింది. నెట్‌వర్క్‌ను సరిగా విభజించని వారికి అదీ లేదు. ఆ పని కర్త లేకుండానే జరిగిపోయింది.

చట్టం ఏమంటుందో చూద్దాం. 2020లో జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ యూనివర్సిటీ ఆసుపత్రిలో 30 సర్వర్లకు తాళం పడింది. ఎమర్జెన్సీ మూతపడటంతో ఒక వృద్ధురాలిని ముప్పై కిలోమీటర్ల దూరంలోని వుపర్టాల్‌కు తరలించారు, ఆమె చనిపోయారు. ప్రాసిక్యూటర్లు హ్యాకర్ల మీద నరహత్య కేసు నిలబడుతుందా అని వారాల తరబడి పరిశీలించారు. ఆలస్యమే ప్రాణం తీసిందని రుజువు చేయలేమని వదిలేశారు. ఆమె అప్పటికే అంత జబ్బుతో ఉన్నారు. ఆసుపత్రుల విషయంలో ఈ వాదన ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. ఆసుపత్రికి వచ్చేది జబ్బు మనిషే కదా.

జరిమానా పడిన సందర్భం ఒకటుంది. ఎన్‌హెచ్‌ఎస్‌కు సాఫ్ట్‌వేర్ సేవలందించే అడ్వాన్స్‌డ్ అనే కంపెనీ మీద 2022 ఆగస్టులో దాడి జరిగింది. రెండో అంచె ధ్రువీకరణ, అంటే మనకు ఫోన్‌కు ఓటీపీ వస్తుందే అలాంటిది, లేని ఖాతాలోంచి దొంగలు దూరారు. 79,404 మంది వివరాలు పోయాయి. వాళ్లలో ఇంటి వద్దే సేవలందుకునే 890 మంది ఇళ్లలోకి ఎలా ప్రవేశించాలో తెలిపే సమాచారం కూడా ఉంది. బ్రిటన్ సమాచార కమిషనర్ మొదట 60.9 లక్షల పౌండ్ల జరిమానా అనుకుని, 2025 మార్చిలో 30.7 లక్షలకు ఖరారు చేశారు. భాగించి చూస్తే తలకు 39 పౌండ్ల లోపు. వాన్నాక్రై ఒక్కో కంప్యూటర్‌కు అడిగిన 300 డాలర్ల కన్నా తక్కువ.

ఇక మళ్లీ మరణం సంగతి. 2024 జూన్ 3న లండన్‌లో రక్తపరీక్షలు చేసే సిన్నోవిస్ సంస్థ మీద కీలిన్ ముఠా దాడి చేసింది. కింగ్స్ కాలేజీ, గైస్ అండ్ సెయింట్ థామస్ ఆసుపత్రుల్లో 10,152 అపాయింట్‌మెంట్లు, 1,710 ముందే తేదీలిచ్చిన చికిత్సలు వాయిదా పడ్డాయి. రక్తపు గ్రూపు సరిచూసే వీలు తగ్గి, ఎవరికైనా సరిపోయే ‘ఓ’ గ్రూపు రక్తం ఇవ్వండని దేశమంతటా అభ్యర్థించారు. ఆ సంస్థ నష్టం 3.27 కోట్ల పౌండ్లు. దాడి రోజుల్లో కింగ్స్ కాలేజీ ఆసుపత్రిలో ఒక రోగి హఠాత్తుగా మరణించారు. ఆ మరణానికి దోహదపడిన కారణాల్లో రక్తపరీక్ష ఫలితం ఆలస్యం కావడం ఒకటని, ఆ ఆలస్యం దాడి వల్లనే వచ్చిందని ఆసుపత్రి నిర్ధారించింది. ఆ మాట బయటికి వచ్చింది 2025 జూన్‌లో.